రాక్షస నామ సంవత్సరపు పెళ్లి, రామకృష్ణుడి వంకాయలు

మా అమ్మానాన్నల శుభలేఖ ఇంకా భద్రంగా ఉంది. నాలుగు మూలలా రాసిన పసుపు వెలిసిపోయింది కానీ అచ్చు చెక్కుచెదరలేదు. ఇంగ్లీషు తేదీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే, పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది రాక్షస నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ దశమి. అంటే 1975 మే నెల. 2025లో యాభై ఏళ్లు నిండాయి. ఆ శుభలేఖ చదివిన మా చిన్నవాడు గాభరాగా అడిగాడు: "నాన్నమ్మా, రాక్షసుల ఏడాదిలో పెళ్లి చేసుకున్నారా?"

మాది రాయచూరు జిల్లా సింధనూరు దగ్గర ఒక క్యాంపు. ఇక్కడ తెలుగువాళ్లు కట్టుకున్న ఊళ్లను క్యాంపులనే పిలుస్తారు. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న పునాదిరాయి పడింది, 1953లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు జొన్న పండే నల్లరేగడిలోకి రాగానే కోస్తా జిల్లాల రైతులు అక్కడి కాస్త పొలం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ కొనుక్కున్నారు. వరి నాట్లు తెలిసిన చేతులకు ఇక్కడ పనుండేది. నాన్న అలా పిల్లవాడిగా వచ్చాడు, అమ్మ కోడలిగా వచ్చింది. అమ్మ తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఒక పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయిన తెనాలి రామకృష్ణుని కథలు. యాభయ్యో పెళ్లిరోజుకు ఏం కావాలని అడిగితే, ఆ పుస్తకానికి కొత్త అట్ట వేయించమంది. ఆ పనిమీద తిరుగుతూ పోగుచేసిన విశేషాలివి.

అరవై పేర్ల చక్రం

చిన్నవాడి భయం ముందు తీర్చాలి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవకు వస్తాయి. రాక్షస వాటిలో నలభై తొమ్మిదోది. దాని ముందుది ఆనంద, తర్వాతది నల. మా పెళ్లి ఏడాది ముందు జరిగి ఉంటే ఆనంద నామ సంవత్సరం పడేదని నాన్న అంటే, అమ్మ వెంటనే "రాక్షసలో అయింది కాబట్టే ఇంత గట్టిగా నిలిచింది" అంది.

షష్టిపూర్తి వెనక ఉన్న లెక్క కూడా ఇదే. మనిషి పుట్టిన ఏడాది పేరు అరవై ఏళ్లకు తిరిగొస్తుంది. ఆ రోజున అదే భార్య మెడలో మళ్లీ తాళి కడతారు, పిల్లలూ మనవలూ పెళ్లిపెద్దలవుతారు. కనక మనవాళ్లలో పూర్వం నుంచీ ఉన్న పెద్ద పెళ్లి పండగ పుట్టిన ఏడాదిని పట్టుకుని వచ్చిందే కాని పెళ్లయిన ఏడాదిని పట్టుకుని కాదు. పెళ్లి ఏడాదినే పట్టుకుంటే మా ఇంట్లో రాక్షస మళ్లీ 2035 ఉగాదికి వస్తుంది. ఆ ఏడు వైశాఖానికి పందిరి వేయాలని ఇప్పుడే అనుకున్నాం.

తిథికొకటి, తేదీకొకటి

అమ్మ పెళ్లిరోజు తిథి ప్రకారం చేసుకుంటుంది. పిల్లలు తేదీ ప్రకారం చేస్తారు. 1975లో వైశాఖ శుద్ధ దశమి మే మూడో వారంలో పడింది, 2025లో మొదటి వారంలోనే వచ్చేసింది. చంద్రుడి పన్నెండు నెలలు సూర్యుడి ఏడాది కంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ వెలితి పూడ్చడానికే అధిక మాసం వస్తుంది. అయితే 235 చాంద్రమాన నెలలు కలిస్తే 19 ఏళ్లకు కేవలం రెండు గంటల తేడాలో సరిపోతాయి. అందుకే 19 ఏళ్లకోసారి తిథీ తేదీ దాదాపు కలిసిపోతాయి. మా ఇంట్లో 1994లో కలిశాయి, 2013లో కలిశాయి. మళ్లీ 2032లో కలుస్తాయి. మీ శుభలేఖ తీసి లెక్క వేసి చూడండి.

ఇరవై అయిదుకు రజతం, యాభైకి స్వర్ణం అనే లెక్కలు యూరప్ నుంచి వచ్చినవి. వజ్రోత్సవం మొదట్లో డెబ్బై అయిదుకు చేసేవారు. విక్టోరియా రాణి పాలనకు 1897లో అరవై నిండినప్పుడు దానికే వజ్రోత్సవమని పేరు పెట్టాక అరవై స్థిరపడింది. మనకు అరవై అంతకు ముందే పెద్ద అంకె.

బంగారం పండే జిల్లాలో స్వర్ణోత్సవం

యాభయ్యో పెళ్లిరోజుకు బంగారం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలో హట్టి బంగారు గనులున్నాయి. పూర్వీకులు తవ్వి వదిలేసిన పాత గోతులు అక్కడ కనిపించాకే ఇప్పటి గనులు వచ్చాయి. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో కంపెనీ ఏర్పడింది. కోలారు గనులు 2001లో మూతపడ్డాక దేశంలో చెప్పుకోదగ్గ బంగారు గని ఇదే.

ఆ చుట్టుపక్కలే మస్కి ఉంది. 1915లో బీడన్ అనే గనుల ఇంజనీరు బంగారం జాడల కోసం తిరుగుతుంటే ఒక బండ మీద శాసనం దొరికింది. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో రాజు పేరు దేవానాంప్రియుడనే ఉండేది. మస్కి రాతిమీద అశోకుడనే అసలు పేరు కనిపించింది. బంగారానికి వెళ్లిన మనిషికి చక్రవర్తి పేరు దొరికింది. ఇంతకంటే మంచి కథ ఏ పుస్తకంలో ఉంటుంది!

అమ్మ మెడలో రెండు పుస్తెలు ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. మన తెలుగు పెళ్లిళ్ల ఆనవాయితీ ఇది. వాటిలో హట్టి బంగారం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, కాని ఈ నేలలో బంగారం ఉందని తెలిశాక మా పిల్లలు వాటిని పట్టుకుని చూసే తీరే మారింది.

ముద్గల్ పిల్ల చెప్పిన 'వద్దు'

ఈ జిల్లా చరిత్రలో నా మనసు పట్టుకున్న పెళ్లి కథ ముద్గల్‌ది. ఫిరిష్తా అనే పారశీక చరిత్రకారుడు రాసిపెట్టాడు. ముద్గల్‌లో ఒక కంసాలి కూతురు, పేరు పెర్తాల్. ఆమె అందం గురించీ పాట గురించీ కాశీ నుంచి తిరిగొస్తున్న ఒక బ్రాహ్మణుడు విజయనగరంలో చెప్పాడట. మొదటి దేవరాయలు నగలు పంపి ఆమెను కోరాడు. తల్లిదండ్రులు పొంగిపోయారు. పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. అంతఃపురంలో అడుగుపెట్టిన ఆడపిల్లకు మళ్లీ పుట్టింటి ముఖం చూసే యోగం ఉండదని, అయినవాళ్లను వదులుకుని ఆ వైభోగం తనకు అక్కర్లేదని చెప్పేసింది.

రాజు సేనను పంపేసరికి కుటుంబం ఊరు విడిచిపోయింది. సైన్యం చుట్టుపక్కల ఊళ్లు దోచుకుంది. ముద్గల్ బహమనీల ఏలుబడిలోది కావడంతో ఫిరోజ్ షా కత్తి దూశాడు. 1406 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధంలో దేవరాయలు ఓడి, తన కూతుర్నే ఫిరోజ్ షాకిచ్చి పెళ్లి చేయాల్సి వచ్చింది. కట్నంగా బంకాపురం కోట పోయింది. పెర్తాల్‌ను ఫిరోజ్ షా తన కొడుకు హసన్ ఖాన్‌కిచ్చి చేశాడు. దీన్ని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కథే కావచ్చు. ఆరువందల ఏళ్ల నాటి కథలో ఒక ఆడపిల్ల రాజుకు వద్దని చెప్పిందని, ఆ మాట రాసి పెట్టుకున్నారని తెలిశాక ముద్గల్ కోట మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది రాజులు కాదు, ఆ పిల్లే.

రాయచూరు గెలిచిన రాజు, పెళ్లి కావ్యం రాసిన రాజు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ అంతర్వేది కోసం విజయనగర రాజులు, బహమనీలు, ఆ తర్వాత బిజాపూరు ఆదిల్ షాహీలు తరాలుగా కొట్టుకున్నారు. కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించి రాయచూరు కోట పట్టుకున్నది ఈ నేలమీద జరిగిన పెద్ద యుద్ధం. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నునిజ్ దాని గురించి విపులంగా రాశాడు. ఆ రాత ఆధారంగా రాబర్ట్ సీవెల్ కట్టిన తేదీ 1520 మే 19. క్రిస్టోవావ్ ద ఫిగెరెదో అనే పోర్చుగీసు వాడు తన తుపాకీవాళ్లతో వచ్చి కోటగోడల మీది సైనికులను కొట్టడంతో పగలే గోడలు కూల్చడం వీలైందట. మా వాళ్ల పెళ్లి రోజూ ఆ వారంలోదే కనక మా ఇంట్లో ఈ తేదీ ఎవరూ మరిచిపోరు.

ఆ రాజే ఆముక్తమాల్యద రాశాడు. అది ఒక పెళ్లి కావ్యం. శ్రీవిల్లిపుత్తూరులో తులసివనంలో దొరికిన గోదాదేవి శ్రీరంగనాథుణ్ణి తప్ప మరొకరిని చేసుకోనని పట్టుబట్టి ఆయన్నే చేసుకుంటుంది. ఆ పెళ్లి ఈనాటికీ ఏటా జరుగుతుంది. ధనుర్మాసం ముగిసే భోగి రోజున వైష్ణవాలయాల్లో గోదాకల్యాణం చేస్తారు. అంటే భోగి మంటలు వేసే రోజు గోదమ్మ పెళ్లిరోజు కూడా.

ఇక అమ్మ పుస్తకంలోని రామకృష్ణుడు ఆ రాజు ఎదుట నిలబడి నవ్వించినవాడు. కాళికాదేవి వేయి తలలతో ప్రత్యక్షమైతే భయపడకుండా నవ్వి, ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే రెండు చేతులూ చాలవు, వేయి ముక్కులకు జలుబు చేస్తే ఎలాగమ్మా అని అడిగాడు. వికటకవి అన్న బిరుదు అక్కడే వచ్చింది. 'వికటకవి'ని వెనక నుంచి చదివినా వికటకవే. కన్నడ లిపిలోనూ అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మాత్రం కుదరదు. గుణింతం హల్లుకు అతుక్కుని ఉండే లిపుల్లోనే ఈ అందం.

తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి పిల్లలు. చాలా శతాబ్దాలు రెండింటికీ ఒకే లిపి ఉండేది. మావాడు బడిలో కన్నడమే నేర్చుకున్నాడు. అయినా నాన్నమ్మ పుస్తకం తీసుకుని, తలకట్టు దగ్గర తడబడుతూ, తెలిసిన అక్షరాలు పట్టుకుని మొదటి పేజీ తనంతట తానే చదివాడు. అమ్మ కళ్లు తడిశాయి. ఆ పెళ్లిరోజు కానుకల్లో నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది అదే.

నవ్వించినవాడు రాసిన అక్క

పిల్లల కథల్లోని తుంటరి వెనక ఒక మహాకవి ఉన్నాడని చాలామంది పెద్దయ్యాక గాని తెలుసుకోరు. నేనూ అంతే. పాండురంగమాహాత్మ్యం ఆయనది. విరూరి వేదాద్రికి అంకితమిచ్చాడు. అందులో నిగమశర్మ కథ ఉంది. చదువుకున్న ఇంట పుట్టి, కట్టుకున్నదాన్ని పట్టించుకోకుండా చెడు తిరుగుళ్లకు పోయినవాడు నిగమశర్మ. అతని అక్క అత్తవారింటి నుంచి పిల్లలతో వస్తుంది. తమ్ముడికి స్నానం చేయించి, అన్నం పెట్టి, పక్కన కూర్చుని బుద్ధి చెబుతుంది. మరదల్ని అలంకరించి అతని కాపురం నిలబెట్టాలని చూస్తుంది. తమ్ముడు రెండు రోజులు మంచిగా ఉన్నట్టు నటించి, ఒక రాత్రి నగలు మూటగట్టుకుని పారిపోతాడు. ఆమెకు కావ్యంలో పేరు లేదు. నిగమశర్మ అక్క, అంతే. తెలుగు సాహిత్యంలో పేరులేని పాత్రకు ఇంత పేరు రావడం ఇంకెక్కడా చూడం. కాపురాలు నిలబెట్టడానికి తిరిగే ఇలాంటి అక్కలు మా క్యాంపులోనూ ఉన్నారు.

అదే కావ్యంలో పుండరీకుడు ఉన్నాడు. అమ్మానాన్నల సేవలో ఉండగా దేవుడు వాకిట నిలిస్తే, కాస్త ఆగమని ఇటుక వేసి నిలబెట్టినవాడు. ఆ ఇటుక మీదే నిలిచిపోయిన పాండురంగడే విఠలుడు. ఆ విఠలుడి పేరు రాయచూరు జిల్లాలో ఇంటింటి మాట. మాన్వి ప్రాంతంలో పుట్టిన హరిదాసుల కీర్తనల చివర ముద్రలు చూడండి. విజయదాసుది విజయవిఠల, మాన్వి జగన్నాథదాసుది జగన్నాథవిఠల. తెనాలి కవి తెలుగులో కావ్యం చేసిన దేవుణ్ణే ఇక్కడి దాసులు కన్నడంలో పాడుకున్నారు.

1956

ఆ ఏడాది జనవరిలో తెనాలి రామకృష్ణ సినిమా వచ్చింది. రామకృష్ణుడిగా అక్కినేని, రాయలుగా ఎన్టీఆర్. దర్శకుడు బి.ఎస్. రంగా కన్నడ దేశంవాడు. అదే ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం చీలి రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. పటం మారింది గాని రామకృష్ణుడు రెండు వైపులా ఉండిపోయాడు. ఆ రంగాయే 1982లో కన్నడంలో అనంత్ నాగ్‌తో హాస్యరత్న రామకృష్ణ తీశాడు. 1990లో దూరదర్శన్‌లో వచ్చిన తెనాలి రామా ధారావాహికను తీసింది మరో కన్నడిగుడు టి.ఎస్. నాగాభరణ. కమలా లక్ష్మణ్ రాసిన కథలు దానికి ఆధారం. ఆవిడ కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ భార్య, పిల్లల పుస్తకాల రచయిత్రి.

నాన్నకు సినిమా, అమ్మకు పుస్తకం, నాకు దూరదర్శన్. ముగ్గురికీ మూడు ముఖాలు, మనిషి ఒక్కడే. చందమామ కూడా అంతే. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక కన్నడంలోనూ చందమామ పేరుతోనే వచ్చింది. పక్కింటి కన్నడ పిల్లలు తమది చదివి, మేం మాది చదివి, కాలువ గట్టు మీద భేతాళ కథకు జవాబు కోసం వాదించుకునేవాళ్లం.

తిలకాష్ఠం, దున్నలు

రాయచూరు కోటగోడలో ఒక రాయి ఉంది. నలభై ఒక్క అడుగులకు పైగా పొడవు. దానిమీద కాకతీయుల నాటి తెలుగు శాసనం, 1294వ సంవత్సరానిది. పక్కనే ఆ రాతిని ఎలా తెచ్చారో గీతల్లో చెక్కారు. బండి మీద రాయి, ముందు వరసగా దున్నలు, చక్రాల దగ్గర మనుషులు. రామకృష్ణుడు ఒక గర్విష్ఠి పండితుణ్ణి తరిమిన కథ గుర్తుందా? పట్టుబట్టలో చుట్టి తెచ్చిన గ్రంథం పేరు తిలకాష్ఠ మహిషబంధనమని చెబితే, తాను వినని శాస్త్రమేదో అనుకుని పండితుడు రాత్రికి రాత్రే ఊరొదిలాడు. విప్పితే ఉన్నవి నువ్వుల కట్టెలు, గేదెను కట్టే పలుపు. మా పిల్లలకు ఆ శాసనం ఇప్పుడు 'మహిషబంధనం రాయి'.

దేవుళ్ల పెళ్లిరోజులు

సీతారాముల పెళ్లి ఉత్తరఫల్గుణీ నక్షత్రాన జరిగిందని వాల్మీకి రాశాడు. మిథిలవాళ్లు మార్గశిర శుద్ధ పంచమినాడు చేస్తారు. మనం మాత్రం రాముడి పుట్టినరోజునే పెళ్లి చేస్తాం. భద్రాచలంలో అది పట్టపగలు. ఒంటిమిట్టలో మాత్రం నవమి దాటాక, వెన్నెల రాత్రి.

బ్రహ్మచారి హనుమంతుడికీ తెలుగుదేశం పెళ్లిరోజు పెట్టింది. జ్యేష్ఠ శుద్ధ దశమినాడు సువర్చలాదేవితో కల్యాణం చేసే గుళ్లున్నాయి. ఆయన పుట్టాడని కన్నడిగులు చెప్పే ఆనెగొంది అంజనాద్రి 1997లో కొప్పళ జిల్లా విడిపోయేదాకా రాయచూరు జిల్లాలోదే. రాఘవేంద్రస్వామి తపస్సు చేశాడని చెప్పే పంచముఖి ఆంజనేయుడి గుడి ఇప్పటికీ ఈ జిల్లాలోనే ఉంది. మంత్రాలయం వెళ్లే దంపతులు తుంగభద్ర దాటి అక్కడికీ వస్తారు. అమ్మానాన్నలూ తిథి రోజున అక్కడికే వెళ్లొచ్చారు.

వంకాయ

తేదీ రోజున భోజనాలు. గోదావరి వైపు బూరెలు, ఇక్కడి ఓళిగలు, జొన్నరొట్టెలు, వాటిలోకి గుత్తివంకాయ. కన్నడంలో ఎణ్ణెగాయి. పక్కింటావిడ గిన్నెతో తెచ్చి "ఊట ఆయ్తేన్రీ" అని అందర్నీ పలకరించింది. వంకాయలు చూడగానే పిల్లలు కథ కావాలన్నారు. అమ్మ కొత్త అట్ట వేసిన పుస్తకం తెరిచింది గాని చూడకుండానే చెప్పింది.

రాయలవారి తోటలోని వంకాయలంటే రామకృష్ణుడి భార్యకు మనసు పడింది. దొరికితే తల పోతుందని తెలిసీ రాత్రి గోడ దూకి కోసుకొచ్చాడు. ఆవిడ వండింది. ఆరుబయట నిద్రపోయే కొడుక్కు పెట్టకుండా తినలేకపోయింది. పిల్లవాడు పొద్దున ఎక్కడన్నా చెబితే? రామకృష్ణుడు కుండెడు నీళ్లు తెచ్చి వాడి మీద పోసి, వానొచ్చింది లేరా అని లోపలికి తీసుకొచ్చి, బట్టలు మార్చి, వంకాయ కూరతో అన్నం పెట్టించాడు. మర్నాడు దొంగతనం బయటపడి, అనుమానంతో సభలో పిల్లవాణ్ణి అడిగారు. రాత్రి వంకాయ కూర తిన్నానన్నాడు. వీడు కల గన్నాడు ప్రభూ, రాత్రి వాన పడిందేమో కూడా అడగండి అన్నాడు తండ్రి. పడింది, తడిసిపోయానన్నాడు పిల్లవాడు. ఊళ్లో చినుకు లేదు. రామకృష్ణుడు బతికిపోయాడు.

"భార్య అడిగిందని తల పోయే పని చేశాడు చూశారా" అంది అమ్మ, నాన్న వైపు చూస్తూ. నాన్న అప్పటికే వేపచెట్టు కింద నులకమంచం మీద నిద్రపోతున్నాడు. మే నెల ఎండ. మావాడు కాసేపు ఆలోచించి, తొట్టి దగ్గరికెళ్లి చెంబు నిండా నీళ్లు ముంచుకొచ్చి తాత ముఖం మీద గుమ్మరించాడు.

"తాతయ్యా, వాన!"

నాన్న లేచి కూర్చుని, ముఖం తుడుచుకుని, ఆకాశం వైపు చూడలేదు. అమ్మ వైపు చూసి, "ఏదీ, వంకాయ కూర పెట్టు" అన్నాడు.